ఎవరి వాటా ఎక్కడ మొదలవుతుంది? సమాంతర ప్రోగ్రామింగ్‌పై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల విజయవాడ, గుంటూరుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ఎన్నో ప్రాసెసర్లు తలా ఒక ముక్క పని చేసిన తరువాత ఆ ముక్కలన్నిటినీ వరుస తప్పకుండా చేర్చి, చేర్చిన మొత్తాన్ని అందరికీ అందించే సామూహిక రొటీన్ల (పాల్గొనే వారందరూ కలిసి పిలవాల్సిన సిద్ధ ఫంక్షన్ల) గురించే ఆ ప్రశ్నలు. వాటిలో కొన్నింటికి ఇక్కడ వివరంగా జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: నమస్కారమండీ. నేను విజయవాడలో ఎం.టెక్. చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం ప్రకాశం బ్యారేజీ 70 గేట్లకు నమూనా విలువలను మేమే ఊహించి రాసుకుని, ఓపెన్‌ష్మెమ్ అనే లైబ్రరీతో 8 పీఈలకు (ప్రాసెసింగ్ ఎలిమెంట్లకు, అంటే తలా ఒక ముక్క పని చేసే ప్రోగ్రాం ప్రతులకు) పంచాం. 70ని 8తో భాగిస్తే సమంగా రాదు కనుక మొదటి ఆరింటికి తొమ్మిదేసి గేట్లు, చివరి రెండింటికి ఎనిమిదేసి గేట్లు ఇచ్చాం. ఎఫ్‌కలెక్ట్ అనే రొటీన్‌ను పిలిచి అన్నిటినీ చేర్చితే జాబితాలో చివరి ఆరు గళ్లూ సున్నాలుగానే మిగులుతున్నాయి. 49 నుంచి 54 వరకు ఉన్న గళ్లలో ఒకసారి సరైన విలువలు, మరోసారి వేరే గేట్ల విలువలు కనిపిస్తున్నాయి. లోపం లైబ్రరీదా, మాదా?

జవాబు: లోపం రొటీన్‌ను ఎంచుకోవడంలో ఉంది. ఎఫ్‌కలెక్ట్‌ను పిలిచే ప్రతి పీఈ ఒకే సంఖ్యలో విలువలు ఇచ్చి తీరాలన్నది దాని మొదటి షరతు. ఆ షరతు తప్పితే ఫలితం ఏమవుతుందో ప్రమాణ పత్రం ఏ హామీ ఇవ్వదు. అయినా మీకు కనిపించిన తప్పు గాలివాటంగా వచ్చింది కాదు. మీరు గళ్ల సంఖ్యలు ఇంత శ్రద్ధగా రాశారు కాబట్టి లోపల ఏం జరిగి ఉంటుందో కాగితం మీదే లెక్కగట్టవచ్చు.

వాటాలన్నీ సమానమైనప్పుడు నా వాటా ఎక్కడ మొదలవ్వాలో నేను ఎవరినీ అడగనక్కర లేదు. నా పీఈ సంఖ్యను వాటా పరిమాణంతో గుణిస్తే చాలు. ఎఫ్‌కలెక్ట్‌కు ఉన్న వేగంలో పెద్ద భాగం ఈ ఒక్క గుణకారం వల్లనే వస్తుంది. మీ ప్రోగ్రాంలో పీఈ 0 నుంచి పీఈ 5 వరకు తొమ్మిదితో గుణించుకుని 0, 9, 18, 27, 36, 45 స్థానాల్లో తమ విలువలను సరిగానే పెట్టాయి. పీఈ 6 మాత్రం తన దగ్గర ఉన్న ఎనిమిదితో గుణించుకుని, 54లో మొదలవ్వాల్సింది 48లోనే మొదలుపెట్టింది. పీఈ 7 కూడా అలాగే 62కు బదులు 56లో మొదలుపెట్టింది. సున్నా నుంచి లెక్కించే 48 నుంచి 53 వరకు ఉన్న స్థానాలే మీరు చెప్పిన 49 నుంచి 54 వరకు గల గళ్లు. అక్కడ పీఈ 5, పీఈ 6 రెండూ రాస్తున్నాయి కనుక ఎవరి రాత చివర చేరితే వారి విలువ మిగులుతుంది. అందుకే ఒక్కో పరుగులో ఒక్కో ఫలితం వస్తోంది. పీఈ 7 రాత 63వ స్థానంతో ముగిసింది కనుక 64 నుంచి 69 వరకు ఆరు స్థానాలను ఎవరూ ముట్టుకోలేదు, సున్నాలు అలాగే ఉండిపోయాయి. ఇంకొక సంగతి కూడా గమనించండి. 55వ గడి నుంచి 64వ గడి వరకు విలువలు కనిపిస్తున్నా అవి ఆ గేట్లవి కావు. 55వ గడిలో 61వ గేటు విలువ, 57వ గడిలో 63వ గేటు విలువ ఉండి ఉంటాయి. సున్నాలు కంటికి ఆనుతాయి కానీ ఈ పది గళ్ల తప్పు ఆనదు, అందుకే నా దృష్టిలో ఎక్కువ ప్రమాదకరమైనది ఇదే.

వాటాలు అసమానమైనప్పుడు వాడవలసిన రొటీన్ కలెక్ట్. అది ప్రతి పీఈ ఇచ్చే సంఖ్యను విడిగా తీసుకుని, తనకు ముందున్న వారందరి వాటాల మొత్తాన్ని కనుక్కుని, ఆ మొత్తం దగ్గర మీ విలువలను మొదలుపెడుతుంది. పీఈ 6కు ఆ మొత్తం 54 అవుతుంది, పీఈ 7కు 62 అవుతుంది. ముందున్న వారి మొత్తం తెలుసుకోవడానికి పీఈల మధ్య అదనంగా ఒక విడత సమాచారం నడవాలి కాబట్టి ఎఫ్‌కలెక్ట్ కంటే కలెక్ట్ సాధారణంగా కొంత నెమ్మది. మీలా తేడా ఒక్క విలువే అయినప్పుడు మాత్రం నేను కలెక్ట్ జోలికి పోను. అందరికీ తొమ్మిదేసి గళ్లు కేటాయించి, చివరి రెండు పీఈలలో తొమ్మిదో గడిలో చెల్లని విలువ ఒకటి పెట్టి, ఎఫ్‌కలెక్ట్‌తో 72 గళ్లు తెచ్చుకుని, 62, 71 స్థానాల్లో ఉండే ఆ రెండు ఖాళీలనూ చదివేటప్పుడు దాటేస్తాను. ఒక పీఈ దగ్గర పది విలువలు, మరో పీఈ దగ్గర పదివేలు ఉండే చోట ఈ ఉపాయం పనికిరాదు. అక్కడ కలెక్టే సరైనది.

మీరు కలెక్ట్‌కు మారేటప్పుడు మరొక చోట కాలు జారే అవకాశం ఉంది. సిమెట్రిక్ హీప్‌లో (ప్రతి పీఈలోనూ ఒకే తీరుగా ఉండే మెమరీ భాగంలో) స్థలం అడిగే ష్మెమ్ మాలాక్ కూడా సామూహిక రొటీనే. దాన్ని అన్ని పీఈలూ ఒకే పరిమాణంతో పిలవాలి. ‘నా దగ్గర ఎనిమిదే ఉన్నాయి కదా’ అని పీఈ 6 ఎనిమిదింటికి, పీఈ 0 తొమ్మిదింటికి స్థలం అడిగితే కలెక్ట్ దాకా వెళ్లకముందే తప్పు జరిగిపోయినట్టే. స్థలం అందరూ తొమ్మిదింటికి అడగాలి. కలెక్ట్‌కు ఇచ్చే సంఖ్యలో మాత్రం ఎవరిది వారు చెప్పుకోవాలి.

ప్రశ్న: గుంటూరులో ఇంజనీరింగ్ విద్యార్థులకు పాఠం చెబుతున్నాను. ఓపెన్‌ష్మెమ్‌ను షేర్డ్ మెమరీ పద్ధతి అని పరిచయం చేస్తాం, కానీ పీఈ 3లోని వేరియబుల్‌ను పీఈ 5 నేరుగా చదవలేదు. ‘మరి ఇందులో పంచుకున్నది ఏమిటి సార్?’ అని పిల్లలు అడిగితే ఏం చెప్పాలి?

జవాబు: మీ విద్యార్థులు సరైన చోటే పట్టుకున్నారు. ష్మెమ్ 1993లో క్రే రీసెర్చ్ సంస్థ తెచ్చిన టీ3డీ యంత్రంతో పుట్టింది. ఆ యంత్రంలో మెమరీ భౌతికంగా ఒక్కో ప్రాసెసర్ పక్కన విడివిడిగానే ఉండేది, కానీ ఒక ప్రాసెసర్ మరొకదాని మెమరీలోకి, అవతలి ప్రాసెసర్ చేస్తున్న పని ఆపకుండానే, నేరుగా రాయగలిగేది, నేరుగా తెచ్చుకోగలిగేది. ఆ వీలునే లైబ్రరీగా మలిచారు. తరువాత ఒక్కో తయారీదారు ఒక్కో రకంగా దాన్ని మార్చుకుంటూ పోవడంతో అందరికీ ఒకే ప్రమాణంగా ఓపెన్‌ష్మెమ్ 1.0ను 2012లో ప్రకటించారు.

ఇక్కడ పంచుకున్నది మెమరీ కాదు, చిరునామాలు. ప్రతి పీఈలోనూ ఒకే రకంగా, ఒకే పరిమాణంలో ఉండే వస్తువులను సిమెట్రిక్ వస్తువులు అంటారు. గ్లోబల్ వేరియబుల్స్, స్టాటిక్ వేరియబుల్స్, ష్మెమ్ మాలాక్‌తో తీసుకున్న అర్రేలు ఈ కోవలోకి వస్తాయి. నా దగ్గర ఉన్న అర్రే పేరు చెప్పి ‘పీఈ 5లో ఇదే పేరున్న దానిలో రాయి’ అనగలను. కలెక్ట్‌కు ఇచ్చే మూలం, గమ్యం రెండూ సిమెట్రిక్ అయి ఉండాలనే నియమం ఇందువల్లనే వచ్చింది. ఫంక్షన్ లోపల మామూలుగా ప్రకటించిన అర్రేను గమ్యంగా ఇస్తే ఇతర పీఈలకు దాని జాడ తెలియదు. తరగతిలో బోర్డు మీద ఎనిమిది నిలువు గళ్లు గీసి, అన్నిటిలో ఒకే ఎత్తులో ఒక పెట్టె గీసి చూపించండి. వివరణ కన్నా ఆ బొమ్మే బాగా నాటుకుంటుంది.

ప్రశ్న: విజయవాడలో ఉద్యోగం చేస్తున్నాను. పాత ష్మెమ్ ప్రోగ్రాం ఒకటి నా చేతికి వచ్చింది. అందులో కలెక్ట్‌ను లూప్‌లో పిలుస్తున్నారు. జాగ్రత్త కోసం ప్రతి పిలుపుకూ ముందు పీసింక్ అర్రేను మళ్లీ మొదటి విలువతో నింపుతున్నాను. కొన్నిసార్లు ప్రోగ్రాం పూర్తవుతుంది, కొన్నిసార్లు మధ్యలో బిగుసుకుపోతుంది. ప్రింట్ వాక్యం ఒకటి పెడితే మళ్లీ నడుస్తోంది.

జవాబు: మీరు జాగ్రత్త అనుకుని చేస్తున్న పనే ప్రోగ్రాంను ఆపేస్తోంది. ఈ తప్పు నేనూ చేశాను, దాని మూలం దొరకడానికి నాకు మూడు రోజులు పట్టింది. అందుకే మీ ఉత్తరం చదవగానే సంగతి అర్థమైంది.

పీసింక్ అంటే పీఈలు ఒకదానికొకటి ‘నా డేటా చేరింది’, ‘నేను వచ్చాను’ అని గుర్తులు పెట్టుకునే చోటు. ఒక పీఈ మరో పీఈ పీసింక్‌లోకి దూరం నుంచే గుర్తు రాస్తుంది. ఇప్పుడు మీ లూప్‌ను రెండు పీఈలతో ఊహించండి. పీఈ 0 పని ముందే ముగించుకుని రెండో విడత కలెక్ట్‌లోకి వెళ్లి, పీఈ 1 పీసింక్‌లో తన గుర్తు పెట్టేసింది. పీఈ 1 ఇంకా లూప్ పైభాగంలోనే ఉంది. అది ఇప్పుడు వచ్చి, మీరు రాసిన వాక్యం ప్రకారం పీసింక్‌ను మొదటి విలువతో నింపింది. పీఈ 0 పెట్టిన గుర్తు అంతటితో చెరిగిపోయింది. ఆ తరువాత పీఈ 1 కలెక్ట్‌లోకి వెళ్లి, ఇక ఎన్నటికీ రాని గుర్తు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ప్రింట్ వాక్యం పెట్టినప్పుడు వేగాలు మారి పీఈ 0 కాస్త వెనుకబడుతుంది కనుక ప్రోగ్రాం నడిచినట్టు కనిపిస్తుంది. అది మరమ్మతు కాదు.

పీసింక్‌ను ప్రోగ్రాం మొదట్లో ఒక్కసారి అన్ని పీఈలలోనూ నింపి, వెంటనే ఒక బ్యారియర్ పెట్టండి. అందరూ నింపడం ముగిసేదాకా ఎవరూ కలెక్ట్‌లోకి అడుగుపెట్టకూడదన్నది ఆ బ్యారియర్ ఉద్దేశం. ఆ తరువాత దాన్ని ముట్టుకోకండి. రొటీన్ తిరిగి వచ్చేటప్పుడు పీసింక్‌ను మొదటి విలువలకు తానే తెచ్చిపెడుతుంది. వరుస పిలుపుల మధ్య ఒకటి వాడకంలో ఉండగా రెండోది దాన్నే అందుకోకుండా రెండు పీసింక్ అర్రేలు పెట్టుకుని ఒక విడత ఒకటి, మరో విడత రెండోది ఇవ్వడం పాత ప్రోగ్రామర్ల అలవాటు, మంచి అలవాటు.

తిరగరాసే అధికారం మీకు ఉంటే మాత్రం ఈ పాత రూపాన్నే వదిలేయమని గట్టిగా చెబుతాను. 2020లో వచ్చిన ఓపెన్‌ష్మెమ్ 1.5లో టీమ్‌లు వచ్చాయి. టీమ్, గమ్యం, మూలం, సంఖ్య, ఈ నాలుగూ ఇస్తే చాలు, పీసింక్ ఊసే లేదు. పాత పద్ధతిలో పాల్గొనే పీఈలను మొదటి పీఈ, రెండు ఘాతంగా మాత్రమే చెప్పగల అంగ (ఎంచుకునే పీఈల మధ్య దూరం), మొత్తం సంఖ్య అనే మూడు అంకెలతో చెప్పాలి కనుక మూడేసి పీఈలకు ఒకటి చొప్పున ఎంచుకోవడం సాధ్యం కాదు. టీమ్‌లను ఏ అంగతోనైనా విడదీయవచ్చు. పాత రూపాన్ని ఆ ప్రమాణమే కాలం చెల్లినదిగా ప్రకటించింది.

ప్రశ్న: కలెక్ట్ తిరిగి వచ్చిందంటే అందరి పనీ అయిపోయినట్టేనా? తరువాత బ్యారియర్ పెట్టాలా, అక్కర లేదా? ఇద్దరు సీనియర్లు రెండు రకాలుగా చెబుతున్నారు. – గుంటూరు నుంచి ఒక విద్యార్థిని

జవాబు: మీ పని అయిపోయినట్టు, అంతే. తిరిగి వచ్చిన పీఈలో గమ్యం అర్రే నిండింది, దాని మూలాన్ని మళ్లీ వాడుకోవచ్చు. పక్క పీఈ సంగతి ఆ రాక మీకు చెప్పదు. కాబట్టి చేర్చిన ఫలితాన్ని మీ దగ్గరే చదువుకుని ముందుకు పోయేటట్లయితే బ్యారియర్ అక్కర లేదు. అదే గమ్యం అర్రేలోకి మళ్లీ కలెక్ట్ పిలిచేటట్లయితే మాత్రం రక్షణ కావాలి. పీఈ 2 మొదటి విడత ఫలితాన్ని ఇంకా చదువుతుండగానే, వేగంగా ఉన్న పీఈ 0 రెండో విడత విలువలను పీఈ 2 గమ్యంలో రాసేయవచ్చు. మీ సీనియర్లలో ఒకరు మొదటి సందర్భాన్ని, మరొకరు రెండో సందర్భాన్ని మనసులో పెట్టుకుని చెప్పి ఉంటారు.

రెండో సందర్భానికి గమ్యం అర్రేలు రెండు పెట్టి మార్చి మార్చి వాడటం బ్యారియర్ కంటే చవకైన మార్గం. పీఈ 0 మూడో విడతలో మొదటి అర్రేను మళ్లీ ముట్టుకోవాలంటే రెండో విడత పూర్తికావాలి. రెండో విడత పూర్తికావాలంటే పీఈ 2 తన వాటాతో అందులోకి వచ్చి ఉండాలి. పీఈ 2 వచ్చిందంటే మొదటి అర్రేను చదవడం ముగించినట్టే. ప్రతి పీఈ ఒక విడత ఫలితాన్ని తరువాతి పిలుపుకు ముందే పూర్తిగా చదివేస్తుందనీ, ప్రతి విడతలోనూ ఎంతో కొంత డేటా ఇస్తుందనీ అనుకుంటేనే ఈ వాదం నిలుస్తుంది. మీ ప్రోగ్రాంలో ఆ రెండూ నిజమో కాదో ముందు సరిచూసుకోండి.

ప్రశ్న: మాది గుంటూరు, నాన్నగారికి మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. సరదాగా ఓపెన్‌ఎంపీ (ఒకే ప్రోగ్రాంలో పక్కపక్కనే నడిచే థ్రెడ్లకు పని పంచే పద్ధతి) నేర్చుకుంటూ, లాట్ల జాబితాలోంచి ఒక ధర దాటిన లాట్లను మాత్రం థ్రెడ్లతో ఏరి కొత్త అర్రేలో పెట్టే ప్రోగ్రాం రాశాను. క్రిటికల్ (ఒకసారికి ఒక థ్రెడ్‌నే లోపలికి వదిలే కట్టడి) పెడితే నెమ్మదిగా ఉంది, పైగా లాట్ల వరుస చెదిరిపోతోంది. ఓపెన్‌ఎంపీలో కలెక్ట్ లాంటిది లేదా?

జవాబు: ఆ పేరుతో లేదు. థ్రెడ్లన్నీ ఒకే మెమరీని చూస్తాయి కనుక విలువలను ఒకరికొకరు పంపుకోవలసిన అవసరమే లేదు. మిగిలేదల్లా ఒకే ప్రశ్న: ఏరిన లాట్లను ఏ థ్రెడ్ ఎక్కడి నుంచి రాయడం మొదలుపెట్టాలి? ఇది పైన విజయవాడ విద్యార్థి ప్రశ్నే, మరో రూపంలో. ఎవరి చేతిలో ఎన్ని లాట్లు తేలుతాయో ఏరేదాకా తెలియకపోవడం ఒక్కటే కొత్త చిక్కు.

మీ ఇంటి వ్యాపారంలోంచే చూడండి. నాలుగు కొట్ల నుంచి తేజ రకం టిక్కీలను (మిర్చి బస్తాలను) ఒకే వరుసలో, కొట్ల క్రమం తప్పకుండా పేర్చాలనుకోండి. ఒక్కో టిక్కీనీ మోసుకొచ్చి ‘ఇప్పుడు ఖాళీ ఎక్కడుంది?’ అని ఒకే గుమాస్తాను అడగడం క్రిటికల్ పద్ధతి. నాలుగు కొట్ల ముఠా కూలీలూ ఆ గుమాస్తా ముందు బారు తీరుతారు, ఎవరు ముందొస్తే వారి టిక్కీ ముందు పడుతుంది. అలా కాక, ప్రతి కొట్టులోనూ ముందుగా లెక్కపెట్టి 30, 12, 45, 20 అని చీటీలు పంపితే, రెండో కొట్టు 30 తరువాత, మూడోది 42 తరువాత, నాలుగోది 87 తరువాత మొదలుపెట్టాలని క్షణంలో తేలుతుంది. ఇక నలుగురూ ఒకేసారి, ఒకరినొకరు అడ్డుకోకుండా పేర్చవచ్చు.

ప్రోగ్రాంలో దీన్ని ఒకే పారలల్ ప్రాంతంలో మూడు దశలుగా రాయండి. మొదటి దశలో ప్రతి థ్రెడ్ తన భాగంలోని లాట్లను చూసి ఎన్ని పనికొస్తాయో లెక్కిస్తుంది. బ్యారియర్ తరువాత ఒక థ్రెడ్ ఆ లెక్కలను వరుసగా కూడి మొదలు స్థానాలు రాస్తుంది. మళ్లీ బ్యారియర్ తరువాత ప్రతి థ్రెడ్ అదే భాగాన్ని రెండోసారి చూస్తూ తన స్థానం నుంచి రాసుకుంటూ పోతుంది. రెండు సార్లూ ఒకే థ్రెడ్‌కు ఒకే భాగం అందాలి కాబట్టి లూప్ పంపకం స్టాటిక్‌గా (ఎవరి భాగం ఏదో ముందే తేలిపోయేలా) ఉండాలి. డైనమిక్ పెడితే లెక్క ఒకరిది, రాత మరొకరిది అవుతుంది. జాబితాను రెండుసార్లు చదవడం వృథా అనిపిస్తుంది కానీ క్రిటికల్ దగ్గర నిలబడే సమయంతో పోలిస్తే సాధారణంగా ఇదే లాభం. వరుస అక్కర లేదనుకుంటే అటామిక్ క్యాప్చర్‌తో (లెక్కను చదివి పెంచే పనిని మధ్యలో ఎవరూ దూరకుండా చేసే ఆదేశంతో) ఒక్కో స్థానం తీసుకోవచ్చు, అది క్రిటికల్ కంటే తేలిక. మీకు వరుస కావాలన్నారు కనుక మూడు దశల పద్ధతే మీకు తగినది.

లెక్కలు రాసుకునే చిన్న అర్రే దగ్గర ఒక్క జాగ్రత్త తీసుకోండి. మనం వాడే చాలా ప్రాసెసర్లలో క్యాష్ లైన్ (ప్రాసెసర్ ఒకేసారి తెచ్చుకునే మెమరీ ముక్క) 64 బైట్లు, ఎనిమిది బైట్ల లెక్కలు ఎనిమిది అందులో పక్కపక్కనే కూర్చుంటాయి. ప్రతి లాట్‌కూ ఆ అర్రేలోనే ఒకటి కలుపుతూ పోతే, వేర్వేరు గళ్లలో రాస్తున్నా, థ్రెడ్లు ఆ ఒక్క లైన్ కోసం నిరంతరం పోటీ పడతాయి. థ్రెడ్ తన సొంత వేరియబుల్‌లో లెక్కించుకుని చివర ఒక్కసారి అర్రేలో రాస్తే ఈ బాధ ఉండదు.

ప్రశ్న: ఎంపీఐ (ప్రాసెస్‌లు సందేశాలు పంపుకునే ప్రమాణం) తెలిసిన వాడిని. అందులో కలెక్ట్ లాంటి ఆల్‌గ్యాదర్‌వీలో ఎవరి నుంచి ఎన్ని వస్తాయో నేనే చెప్పాలి. కలెక్ట్ అది అడగదు. మరి వచ్చిన మొత్తంలో ఎవరి భాగం ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? పైగా నాకు ఫలితం పీఈ 0లో ఉంటే చాలు. – విజయవాడ

జవాబు: తెలియదు. కలెక్ట్ విలువలను చేర్చి పెడుతుంది కానీ సరిహద్దులు చెప్పదు. మొత్తం ఎన్ని వచ్చాయో కూడా చెప్పదు. సరిహద్దులు కావాలంటే ముందుగా ప్రతి పీఈ తన సంఖ్య ఒక్కదాన్ని ఎఫ్‌కలెక్ట్‌తో అందరికీ పంచాలి. ఆ సంఖ్యలను వరుసగా కూడుకుంటే అందరి మొదలు స్థానాలూ ప్రతి పీఈ చేతిలో ఉంటాయి.

అంత చేసిన తరువాత, ఫలితం పీఈ 0కు మాత్రమే కావలసినప్పుడు, కలెక్ట్‌ను పిలవవద్దనే నా సలహా. కలెక్ట్ మొత్తం ఫలితాన్ని ప్రతి పీఈలోనూ పెడుతుంది. 64 పీఈలు తలా 100 మెగాబైట్లు ఇస్తే ఒక్కో పీఈలో 6,400 మెగాబైట్లు అవుతుంది. ఆ 64 పీఈలూ ఒకే యంత్రంలో ఉంటే మొత్తం 4 లక్షల మెగాబైట్లు దాటుతుంది. ఒక్కరికే చేర్చే గ్యాదర్ రొటీన్ ఓపెన్‌ష్మెమ్ 1.5లో లేదు, ఒక పుట్‌తో (అవతలి పీఈ మెమరీలోకి నేరుగా రాసే రొటీన్‌తో) ఆ పని అయిపోతుంది. ప్రతి పీఈ తన మొదలు స్థానం దగ్గర పీఈ 0 అర్రేలోకి పుట్ చేసి, అందరూ బ్యారియర్ ఆల్ దాటిన తరువాత పీఈ 0 చదువుకుంటుంది. గమ్యం అర్రేకు సిమెట్రిక్ స్థలం మాత్రం అన్ని పీఈలలోనూ కేటాయించక తప్పదు. ఇక్కడ బ్యారియర్ ఆల్‌కు బదులు సింక్ ఆల్ వాడవద్దు. సింక్ ఆల్ అందరూ ఆ చోటికి వచ్చారని మాత్రమే చెబుతుంది. పంపిన పుట్‌లు అవతల చేరాయన్న హామీ బ్యారియర్ ఆల్‌లోనే ఉంది.

ప్రశ్న: ఇవన్నీ నేర్చుకోవడానికి పెద్ద యంత్రం కావాలా? మా కాలేజీలో లేదు. – గుంటూరు

జవాబు: అక్కర లేదు. నాలుగు కోర్ల లినక్స్ ల్యాప్‌టాప్ చాలు. ఓపెన్ ఎంపీఐతో (పైన చెప్పిన ఎంపీఐకి ఒక అమలు, ఓపెన్‌ఎంపీ కాదు) పాటు ఓపెన్‌ష్మెమ్ అమలు కూడా వస్తుంది, కాకపోతే యూసీఎక్స్ లైబ్రరీ ఉండేలా చూసుకుని కట్టుకోవాలి. ఓఎస్‌హెచ్‌సీసీతో కంపైల్ చేసి ఓఎస్‌హెచ్‌రన్‌తో నాలుగు పీఈలు నడపండి. మొదటి అభ్యాసంగా పది విలువలను నాలుగు పీఈలకు మూడు, మూడు, రెండు, రెండుగా పంచి, ఎఫ్‌కలెక్ట్‌తో వచ్చే తప్పు జాబితా ఎలా ఉంటుందో ముందుగా కాగితం మీద రాసుకుని, తరువాత ప్రోగ్రాంను నడిపి పోల్చి చూడండి. రెండూ కలవకపోతే మీ కాగితాన్నీ, ప్రోగ్రాంనూ నాకు పంపండి.